డిశ్చార్జి మాటలకు ముందు: రోగికి ఏం తెలియాలో, ఇప్పుడు వినగలడో కనుక్కోవడం ఎలా?

వార్డు పోస్టింగ్‌కి నర్సింగ్ స్టూడెంట్ల కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ రెండో వారంకల్లా ఒక ప్రశ్న వస్తుంది. "మేడమ్, కేర్ ప్లాన్‌లో లెర్నింగ్ నీడ్స్ అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలి?" చదువు పూర్తిచేసి నెల్లూరులోనో ఒంగోలులోనో ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఇంకో రకం. "హెల్త్ ఎడ్యుకేషన్ ఇచ్చాం అని రోజూ రాస్తున్నాం అక్కా. అదే మనిషి పదిహేను రోజులకు మళ్ళీ అదే మంచం మీదికి వస్తున్నాడు." రెంటికీ జవాబు ఒకటే కాబట్టి ఒకేసారి రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన రైతు. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టారు, పొద్దున 20 యూనిట్లు. నేను మంచం పక్కన నిలబడి ఇరవై నిమిషాలు చెప్పాను. సీసా ఎలా పట్టుకోవాలి, గాలి ఎలా తీయాలి, పొట్ట మీద ఎక్కడ వేయాలి, అన్నీ. "అర్థమైందా పెద్దాయనా?" అన్నాను. "అట్నే సిస్టరమ్మా, అర్థమైంది" అన్నాడు. ఫైల్లో రాసేశాను. మూడు వారాలకు షుగర్ నాలుగు వందలు దాటి తిరిగొచ్చాడు. సూది మానేశారా అని అడిగితే, లేదు, రోజూ 20 గీత దాకా ఎక్కిస్తున్నాం అన్నాడు. సంచిలోంచి సిరంజి తీసి చూపించాడు. దాని మూత నారింజ రంగు.

సంగతి ఇది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి వాడాల్సింది ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి పోయేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లు. వార్డులో నేను చూపించింది ఎర్ర మూత. ఊరి దగ్గర మెడికల్ షాపులో ఏది ఉంటే అది ఇచ్చారు. పైగా ఇంట్లో సూది వేసేది ఆయన కాదు, ఇంటర్ చదివే మనవడు. ఆ మనవణ్ణి నేను చూడనే లేదు. చెప్పిన ఇరవై నిమిషాల్లో ఒక్క ముక్క తప్పు లేదు. వినాల్సిన మనిషి ఎవరో, ఆ ఇంటికి ఏ సంగతి అవసరమో అడగకుండా మొదలుపెట్టడమే తప్పు.

థియరీ రెండు వాక్యాల్లో ముగిద్దాం. లెర్నింగ్ నీడ్ అంటే ఇంటికెళ్ళాక క్షేమంగా ఉండటానికి తెలియాల్సిన దానికీ, ఇప్పుడు తెలిసిన దానికీ మధ్య ఉన్న ఖాళీ. రెడీనెస్ అంటే ఆ ఖాళీ నింపుకోవడానికి ఈ పూట ఆ మనిషి ఒళ్ళూ మనసూ ఒప్పుకుంటాయా లేదా అన్నది. వైవాలో అడిగితే రెడీనెస్‌కి నాలుగు పక్కలు చెప్పండి: శరీరం, మనసు, గత అనుభవం, ఇప్పటికే ఉన్న తెలివిడి. వాటి ఇంగ్లిష్ మాటల (ఫిజికల్, ఎమోషనల్, ఎక్స్‌పీరియన్షియల్, నాలెడ్జ్) మొదటి అక్షరాలు కలిపితే 'పీక్' (PEEK) అవుతుంది, గుర్తుంటుంది.

కావాల్సినవి

- రోగి కేసు షీటు, డిశ్చార్జిలో రాయబోయే మందుల చీటీ
- కూర్చోవడానికి ఒక స్టూలు. నిలబడి అడిగితే సగం జవాబులే వస్తాయి
- రోగి ఇంట్లో వాడే అసలు వస్తువులు: సిరంజి, ఇన్‌హేలర్, గ్లూకోమీటర్, మాత్రల సంచి. అటెండర్‌తో, అంటే రోగికి తోడుగా వచ్చిన మనిషితో, తెప్పించండి
- ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను
- పది నిమిషాలు. ఒకేసారి దొరక్కపోతే మూడు ముక్కలుగా అయినా సరే

"నలభై మంది రోగులకు ఇద్దరం, పది నిమిషాలు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు మేడమ్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. విడిగా టైము తీయనక్కర్లేదు. పొద్దున బీపీ చూసేటప్పుడు రెండు ప్రశ్నలు, డ్రెస్సింగ్ చేసేటప్పుడు రెండు, మాత్రలిచ్చేటప్పుడు రెండు. చేతులు పని చేస్తుంటే నోరు ఖాళీగానే ఉంటుంది కదా. రోగి కూడా మీరు ప్రశ్నల కాగితం పట్టుకుని వచ్చినప్పటికన్నా కట్టు మారుస్తున్నప్పుడే ఎక్కువ మాట్లాడతాడు.

1. ఫైలు చూసి 'ప్రాణం మీదికొచ్చే మూడు' రాసుకోండి

రోగి దగ్గరికి వెళ్ళకముందే ఈ పని చేయండి. ఈ మనిషి ఇంటికెళ్ళాక ఏది తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది? మూడుకి మించి రాయొద్దు. కొత్తగా ఇన్సులిన్ అయితే: సరైన సిరంజి, షుగర్ పడిపోయిన గుర్తులు, పడిపోతే ఏం చేయాలి. గుండె బలహీనపడిన రోగికైతే: ఉప్పు, రోజూ బరువు చూసుకోవడం, ఏ మాత్ర ఆపకూడదు. షుగర్ ఎందుకొస్తుంది, పాంక్రియాస్ ఎక్కడుంటుంది లాంటివి తెలిస్తే మంచిదే. అవి రెండో జాబితాలోవి.

స్టూడెంట్లు ఇక్కడే తడబడతారు. పుస్తకంలో ఉన్న హెడింగులన్నీ రాసుకొస్తారు: డెఫినిషన్, కాజెస్, సైన్స్ అండ్ సింప్టమ్స్. అది మీ పరీక్షకు కావాల్సిన జాబితా. రోగికి పరీక్ష ఇంటి దగ్గర, రాత్రి రెండు గంటలకు చెమటలు పట్టినప్పుడు.

2. ఒళ్ళు చూడండి

నొప్పితో మూలుగుతున్న మనిషికి ఏదీ ఎక్కదు. ఆయాసం, జ్వరం, వాంతులు, ఇప్పుడే ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన మత్తు, షుగర్ పడిపోయి ఉండటం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పూట వదిలేయండి. అలాగే ఆకలి, ఒంటేలు, రాత్రి నిద్ర లేకపోవడం కూడా చూడండి. అడగడానికి సిగ్గుపడి అలాగే కూర్చుంటారు.

తర్వాత కళ్ళు, చెవులు, చేతులు. కంట్లో శుక్లం ఉందా? అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చారా? ఏ చెవి బాగా వినిపిస్తుంది? చేతులను మాత్రం తప్పకుండా పట్టుకుని చూడండి. కనిగిరి, పొదిలి, దర్శి, ఇటు ఉదయగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడి పెద్దవాళ్ళలో కొందరికి వేళ్ళు, మోచేతులు, మెడ బిగుసుకుపోయి ఉంటాయి. మెడ వంచలేని మనిషి తన పొట్ట మీద తానే సూది ఎలా వేసుకుంటాడు? బిగిసిన వేళ్ళతో ఇన్‌హేలర్ ఎలా నొక్కుతాడు? ఇలాంటప్పుడు 'నేర్చుకోలేదు' అని రాయకండి. పద్ధతి మార్చాలి: తొడ మీద వేసుకోవడం, ఇన్‌హేలర్‌కి స్పేసర్ (మందు నిలిచే గొట్టం) తగిలించడం, లేదా ఇంట్లో ఇంకొకరికి నేర్పడం.

జాగ్రత్త: డిశ్చార్జి ఈ రోజే, రోగి ఇంకా మగతగా ఉన్నాడు అనుకోండి. అప్పుడు జాబితాలో మొదటి అంశం ఒక్కటే అటెండర్‌కి చెప్పి, మిగతాది ఇంకా చెప్పాల్సి ఉందని డాక్టరుకీ, షిఫ్టు మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కీ నోటితో చెప్పండి. రాసి ఊరుకోకండి.

3. నేర్చుకోవాల్సింది అసలు ఎవరు?

నా అనుభవంలో ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. మంచం పక్కన కూర్చున్న మనిషి, ఇంటి దగ్గర చూసుకునే మనిషి ఒకరే అనుకోకండి. ఆసుపత్రికి తోడు వచ్చేది పనికి సెలవు దొరికినవాళ్ళు. కొడుకు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటాడు, రెండ్రోజులు వచ్చి పోతాడు. మీరు చెప్పిందంతా శ్రద్ధగా ఫోన్లో రికార్డు చేసుకుని రైలెక్కేస్తాడు.

విడివిడిగా అడగండి:

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"
"మాత్రలు ఎవరు తీసిస్తారు?"
"సూది ఎవరు వేస్తారు?"
"మందులు ఏ షాపులో కొంటారు? ఎవరు పోయి తెస్తారు?"
"రాత్రిపూట ఒంట్లో బాగా లేకపోతే ఎవర్ని లేపుతారు?"

అయిదింటికి అయిదు పేర్లు రావచ్చు. అప్పుడు ఏ ముక్క ఎవరికి చెప్పాలో మీకే తెలుస్తుంది. ఉప్పు గురించి వంట చేసే కోడలికి, సిరంజి రంగు గురించి షాపుకి పోయే మనవడికి. వాళ్ళు రాలేకపోతే ఫోన్ కలిపించి స్పీకర్‌లో మాట్లాడండి. వీడియో కాల్ అయితే ఇంకా మేలు.

రోగి ఒంటరిగా ఉంటే ఆశా కార్యకర్త పేరు, ఊరి ఏఎన్‌ఎమ్ పేరు అడిగి రాసుకోండి.

4. తెలిసింది చెప్పించండి

"షుగర్ గురించి తెలుసా?" అంటే "తెలుసమ్మా" అంటారు. అక్కడితో మాట అయిపోతుంది. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న ఏదీ వేయకండి. నేను వాడే మాటలు ఇవి:

"ఈ జబ్బు మీకు ఎందుకొచ్చిందనుకుంటున్నారు?"
"ఈ సంచిలో మాత్రలు ఒక్కొక్కటీ తీసి, ఏది దేనికో నాకు చెప్పండి."
"నిన్న పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తిన్నారు?"
"ఇదివరకు ఎవరైనా ఈ జబ్బు గురించి చెప్పారా? ఏం చెప్పారు?"
"ఇంటికి పోయినాక మీకు దేని గురించి భయంగా ఉంది?"

ఆఖరి ప్రశ్న అడిగి నోరు మూసుకోండి. నిజంగా. మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది ఏడెనిమిది అంకెల దగ్గర మొదలుపెడతారు.

వచ్చే జవాబులు ఎలా ఉంటాయంటే: "సూది మొదలైతే ఇక చివరిదాకా వచ్చినట్టే కదమ్మా." "సూది అలవాటైపోతుందంట." "షుగర్ నార్మల్‌కొచ్చింది, మాత్రలు ఆపేశాను." "కాకరకాయ రసం తాగుతున్నా, ఇవన్నీ ఎందుకు?" నవ్వొద్దు, వెంటనే సరిదిద్దనూ వద్దు. ఇది వినే పూట. మధ్యలో అడ్డుకుంటే ఆ తర్వాత మీకు నచ్చే జవాబులే చెప్తారు.

రోజు గడిచే తీరు కూడా ఇక్కడే అడగాలి. 'పొద్దున 8కి సూది, 8.30కి టిఫిన్' అని మనం ఒకే వాక్యం అందరికీ చెప్పేస్తాం. కొత్తపట్నం వైపు వేటకు పోయే మనిషి తెల్లవారకముందే సముద్రం మీద ఉంటాడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మనిషికి రాత్రే పగలు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో మంట చూసుకుంటూ రాత్రంతా మేలుకునే రైతులున్నారు. రంజాన్ నెలలో రోజా ఉండేవాళ్ళకు తిండి వేళలే మారిపోతాయి. ఇవి తెలిస్తే డోసు వేళ గురించి డాక్టరుతో ముందే మాట్లాడొచ్చు. తెలియకపోతే రోగి తనకు తోచినట్టు సర్దుకుంటాడు. ఆ సర్దుబాటు మీకు మళ్ళీ అడ్మిషన్ రోజున తెలుస్తుంది.

ఇంట్లో ఫ్రిజ్ ఉందా అనీ అడగండి. వాడుతున్న ఇన్సులిన్ సీసా మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది. కానీ మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటితే రేకుల ఇంట్లో 'మామూలు గది వేడి' ఎక్కడిది? ఫ్రిజ్ లేకపోతే సీసాను మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడపట్టున ఉంచమనండి. ఐసు మీద, ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

5. చదువు గురించి పరువు పోకుండా కనుక్కోండి

"చదువొచ్చా?" అని వార్డు మధ్యలో అడగొద్దు. మందుల చీటీ చేతికిచ్చి, "అక్షరాలు కనిపిస్తున్నాయా, అద్దాలు కావాలా?" అనండి. కాగితం తలకిందులుగా పట్టుకున్నా, పక్కవాళ్ళకు అందించినా, "తర్వాత చదువుకుంటాలే" అన్నా మీకు జవాబు దొరికినట్టే.

చదువు రాకపోతే: కాగితం మీద సూర్యుడు, చంద్రుడు గీసి పక్కన మాత్ర అతికించండి. పొద్దున మాత్రల అట్టకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి వాటికి రెండు. చదువు రానంత మాత్రాన లెక్క రాదనుకోకండి. పంట లెక్కలన్నీ నోటితో చెప్పే మనుషులు సిరంజి గీతలు మీకంటే బిన్నే లెక్కపెడతారు.

నెల్లూరు టౌన్‌లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగు బాగానే మాట్లాడతారు, అయినా ఒంట్లో బాధ చెప్పుకునేటప్పుడు వాళ్ళ భాషే వస్తుంది. వార్డులో ఉర్దూ వచ్చిన సిస్టర్ ఎవరైనా ఉంటే పిలవండి. చిన్నపిల్లలతో తర్జుమా చేయించొద్దు. అమ్మ జబ్బు గురించి పదేళ్ళ పిల్ల చెప్పకూడని మాటలుంటాయి.

6. మనసు ఎక్కడుందో చూడండి

పొగ మానేవాళ్ళను గమనించి ప్రొచాస్కా, డిక్లెమెంటి అనే ఇద్దరు సైకాలజిస్టులు 1980ల్లో మార్పు దశలని, అంటే మనిషి అలవాటు మార్చుకునే మెట్లని, చెప్పారు. మీరు చదువుకునే ఉంటారు. వార్డులో ఆ దశలు తెలుగులో ఇలా వినిపిస్తాయి.

"నాకేం జబ్బు లేదు, వీళ్ళే తీసుకొచ్చి పడేశారు." ఈ మనిషికి సిరంజి చూపించడం దండగ. తన రిపోర్టు తనకు చూపించి, దాని గురించి ఏమనుకుంటున్నాడో అడిగి వచ్చేయండి.

"చూద్దాంలే సిస్టరమ్మా, పండగ పోనీ." సగం దారిలో ఉన్నాడు. ఏది అడ్డమో అడగండి. చాలాసార్లు అడ్డం డబ్బే. 'నెలకెంత అవుద్ది?' అన్న ప్రశ్న గొంతులో ఉంటే చెవులు పనిచేయవు. ముందు ఆ జవాబు కనుక్కుని చెప్పండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని వైద్య మిత్ర కౌంటర్‌లో అడగమనండి. టీబీ రోగికి చికిత్స జరిగినన్నాళ్ళూ తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరుకు ముందు అది 500. బ్యాంకు ఖాతా లేని రోగికి ఆ ఖాతా తెరవడం కూడా ఒక లెర్నింగ్ నీడే, నవ్వకండి.

"ఎట్టా వేసుకోవాలో చూపించండి." ఈ మాట వినగానే చేతిలో పని పక్కన పెట్టండి. సాయంత్రం చూపిస్తానంటే సాయంత్రానికి ఆ ఉత్సాహం ఉండకపోవచ్చు.

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ప్రతిదానికీ విసుక్కునే మనిషి, పలకరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి... వీళ్ళకు ఈ రోజు పాఠం లేదు. పక్కన కూర్చుని నీళ్ళు తాగారా అని అడగండి, చాలు. కాలు తీసేసిన రోజున షుగర్ పాదాల జాగ్రత్తలు చెప్పిన స్టూడెంటును నేను చూశాను. ఆ అమ్మాయి తప్పు కూడా కాదు, ఆ రోజే కేర్ ప్లాన్ సబ్మిట్ చేయాలి మరి.

7. చేసి చూపించమనండి

పాత రోగులకు ఇది మరీ ముఖ్యం. "పదేళ్ళ నుంచి వేసుకుంటున్నా, నాకు తెలీదా?" అంటారు. "నిజమే నాయనా, మీరెట్లా వేసుకుంటారో మా పిల్లలకు చూపించండి" అనండి. గర్వంగా చూపిస్తారు. మీరు మధ్యలో మాట్లాడకుండా చూడాల్సినవి: సిరంజి మూత రంగు, సీసా మీద అంకె, పాలలా ఉండే ఇన్సులిన్‌ను మెల్లగా దొర్లిస్తున్నారా లేక గట్టిగా ఊపుతున్నారా, ఏ గీత దగ్గర ఆపుతున్నారు, ఎక్కడ గుచ్చుతున్నారు.

గుచ్చేచోట వేళ్ళతో తడిమి చూడండి. రోజూ ఒకేచోట వేస్తే అక్కడ మెత్తటి గడ్డ కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి వాళ్ళకు అదే ఇష్టమైన చోటు. గడ్డలో వేసిన మందు సరిగా ఒంటికి పట్టదు. జాగ్రత్త: చోటు మార్చమని ఊరికే చెప్పి పంపొద్దు. కొత్తచోట మందు బాగా పట్టి షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. ముందు డాక్టరుకి చెప్పండి, డోసు చూస్తారు.

ఇన్‌హేలర్ అయితే: ఊపారా, ముందు ఊపిరి వదిలారా, నొక్కడం పీల్చడం ఒకేసారి జరిగిందా, పీల్చాక పది సెకన్లు పట్టి ఉంచారా. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించాలని తెలుసా.

8. రోగి ప్రశ్నను ముందు పెట్టండి

ఇప్పుడు మీ దగ్గర రెండు జాబితాలున్నాయి. మీ 'మూడు', రోగి అడిగినవి. రోగి అడిగినదానితో మొదలుపెట్టండి. "చేపల పులుసు తినొచ్చా?" అని అడిగితే పాఠం చేపల పులుసు దగ్గరే మొదలవుతుంది. గుండె రోగికి ఉప్పు సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి దారి ఏముంది? చేపతో ఇబ్బంది లేదు, పులుసులో ఉప్పెంత, పక్కన ఊరగాయెంత, ఎండుచేపలు వారానికి ఎన్నిసార్లు అని మాట అదే సాగుతుంది.

మినహాయింపు ఒకటే. ప్రాణం మీదికొచ్చే సంగతి ఆగదు. డిశ్చార్జికి గంటే ఉంటే అదే ముందు.

9. రాయండి, కానీ ఆ మనిషి కనిపించేలా

'నాలెడ్జ్ డెఫిసిట్ రిలేటెడ్ టు లాక్ ఆఫ్ ఇన్ఫర్మేషన్' (సమాచారం లేక తెలియకపోవడం) అని వార్డులో అందరికీ ఒకే వాక్యం రాస్తే అది ఎవరి గురించీ కాదు. నేను స్టూడెంట్లకు చూపించే నమూనా ఇది:

"మ. 3.20. మెలకువగా ఉన్నారు, నొప్పి 10కి 2. కుడి కంట్లో శుక్లం, చిన్న గీతలు కనిపించవు. చదువు రాదు, లెక్క వచ్చు. ఇంట్లో సూది వేయబోయేది కోడలు, రేపు 11కి వస్తానంది. మందులు తెచ్చేది మనవడు. 'సూది మొదలైతే చివరిదాకా వచ్చినట్టే' అన్నారు. మొదట అడిగింది: 'పొలానికి పోవచ్చా?' తెలిసింది: షుగర్ పడిపోతే చెమట పడుతుందని. తెలియనిది: అప్పుడేం తినాలో, సిరంజిల్లో తేడా. రేపు 11కి కోడలికి సిరంజి చూపించాలి. ఈ సాయంత్రం ఆయనకు షుగర్ పడిపోవడం గురించి. మనవడికి ఫోన్."

ఫైల్లో ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి మార్చుకోండి. రోగి అన్న మాటను మాత్రం అన్నట్టే, వీలైతే తెలుగులోనే రాయండి. తర్వాతి షిఫ్టు సిస్టర్‌కి మీ పేజీ మొత్తం కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ చెప్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది "అర్థమైందా?" మన ప్రాంతంలో తెల్లకోటుకి ఎదురుగా కాదనే అలవాటు లేదు. 'అర్థమైంది' అంటే 'మీ మాటకు విలువిచ్చాను' అని మాత్రమే.

అటెండర్ జవాబులు చెప్పేయడం రెండోది. మీరు తాతని అడిగితే కొడుకు చెప్తాడు. "అన్నా, ఈ చీటీ తీసుకుని ఫార్మసీలో కనుక్కుని రా" అని పంపి, ఆ అయిదు నిమిషాల్లో తాతని అడగండి.

నలుగురిలో అడగడం. టీబీ, హెచ్‌ఐవి, ఆడవాళ్ళ సమస్యలు, మందు తాగే అలవాటు... పక్క మంచానికి వినపడేలా అడిగితే నిజం రాదు. ప్రొసీజర్ రూముకి తీసుకెళ్ళి అడగండి.

చేరిన రోజున అడిగిందే డిశ్చార్జి రోజుకీ వాడటం. నొప్పి తగ్గాక, భయం తగ్గాక మనిషి మారిపోతాడు. కనీసం రెండుసార్లు చూడాలి. ఇక పక్క ఫైల్లోంచి కాపీ కొట్టడం సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒకసారి మగ రోగి పేజీలో చనుబాల గురించి చదివాను.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

నేర్పిన తర్వాత తిరిగి చెప్పించండి. పరీక్ష పెట్టినట్టు ఉండకూడదు, తప్పు మీ మీద వేసుకోండి: "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికి పోయినాక మీ ఆవిడ అడిగితే ఏం చెప్తారు?" షుగర్ పడిపోతే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూసుకుంటాను, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దని ఇంట్లో చెప్తాను, 108కి ఫోన్ చేయమంటాను... ఇలా సొంత మాటల్లో వస్తే నేర్చుకున్నట్టు. మీ మాటలే చిలకలా వస్తే ఇంకోసారి చెప్పాలి. తప్పు చెప్తే మీ అసెస్‌మెంట్‌లో ఏదో జారిపోయింది. రెండో అడుగుకో నాలుగో అడుగుకో వెనక్కి వెళ్ళి చూడండి.

మర్నాడు పొద్దున, ముందు చెప్పకుండా, ఒక్క ప్రశ్న అడగండి. రాత్రి నిద్ర తర్వాత కూడా మిగిలిందే ఇంటికి వెళ్తుంది.

మీ ఆసుపత్రి ఒప్పుకుంటే ఇంటికెళ్ళిన మూడో రోజు ఫోన్ చేయండి. "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నామమ్మా" అంటారు. వస్తువు చేతిలోకి తీసుకునే ప్రశ్న వేయండి. నేనయితే ఫోన్ ఎత్తిన మనిషితో ఇలా అంటాను: "లోపలికి పోయి సిరంజి తీసుకురా నాయనా. తెచ్చావా? మూత ఏ రంగు?"